పదో తరగతి లేని త్రాసుల మేస్త్రి

ప్రభుత్వం నాకు ఒక సుత్తి, ఒక ఇనుప ముద్ర, చెక్కపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి సర్దిన ఇత్తడి రాళ్ళు ఇచ్చి, రిటైరయ్యేదాకా జీతమిచ్చి పోషించింది. నేను తూనికల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. కొట్లలో, సంతల్లో వాడే త్రాసుల్ని ఏడాదికోసారి పరీక్షించి, సరిగ్గా ఉంటే కడ్డీ మీద ముద్ర కొట్టడం నా పని. ఆ ముద్ర ఉన్న త్రాసు నిజం చెబుతుందని జనం నమ్మాలి. నమ్మకపోతే మేం నమ్మించాలి.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ముగ్గురు పిల్లలు మా ఇంటికొచ్చారు. మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పమన్నారు. గొప్ప కేసులు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను నా మొహం మాడిపోయిన కేసు చెబుతాను. ఇన్నేళ్ళయినా దాన్ని తలుచుకుంటే నాకు సిగ్గు కన్నా కోపం ముందొస్తుంది. అందులో సగం కోపం ఎవరి మీదో మీకే తెలుస్తుంది.

అప్పటికి రాయగడ ఇంకా జిల్లా కాలేదు. కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. పైఆఫీసు కోరాపుట్‌లో, నా గది రాయగడలో. మా నాన్న శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చి గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున వ్యవసాయం చేసేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. భౌతికశాస్త్రంలో బి.ఎస్సీ. ఆ కాగితానికి అద్దం కట్టించి వీధిగదిలో తగిలించాం. ఎవరొచ్చినా మా నాన్న మొదట దాన్ని చూపించి, తర్వాత మంచినీళ్ళిచ్చేవాడు. కాగితం మీద నాకు ఎంత భక్తి ఉండేదో చెప్పడానికి ఈ సంగతి చాలు.

రాయగడ నుంచి మునిగుడ వైపు వెళ్ళే రైలు దారిలో ఒక ఊరుంది. పేరు చెప్పను. నేను చెప్పబోయేవాళ్ళ మనవలు ఇప్పుడు అక్కడే వ్యాపారాలు చేసుకుంటున్నారు. ఆ ఊళ్ళో వారానికోసారి పెద్ద సంత జరిగేది. కొండల మీద నుంచి కోంధు గిరిజన ఆడవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు, పసుపు, అల్లం తెచ్చేవారు. కింద ఉన్న వ్యాపారులు తూచి కొనేవారు. తూచేది వ్యాపారి త్రాసుతోనే. కాబట్టి ఆ త్రాసు మీదే కొండవాళ్ళ వారం తిండి ఆధారపడి ఉండేది.

సంత ఆవరణలోనే త్రాసులు బాగుచేసే చిన్న కొట్టు ఒకటి ఉండేది. రెండు తాటాకు తడికెలు, ఒక కొలిమి, ఒక దాగలి, గోడకి వేలాడే కడ్డీలు. కొట్టు యజమానిని అందరూ త్రాసుల మేస్త్రి అనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చేసినవాడు. బడి మొహం చూడలేదు. సంతకం రాదు, వేలిముద్రే. భార్యాభర్తలిద్దరే, పిల్లల్లేరు. భార్య కొలిమి తిత్తి ఊదేది, పళ్ళేల గొలుసులు అతికేది. ఆయన నాకంటే పాతికేళ్ళు పెద్ద. నేను ఆయన్ని నువ్వనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. అందులో వింతేమీ ఉన్నట్టు నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

మొదటిసారి ఆయన కొట్టుకి వెళ్ళినప్పుడు ఒక త్రాసు ఎత్తి పట్టుకుని చూశాను. నడుమనున్న ముల్లు నిటారుగా నిలిచింది. బాగుందన్నాను. ఆయన త్రాసుని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"ముల్లుని సూస్తే ఏటి తెలుస్తాది బాబూ. ముల్లు మనం సెప్పినట్టే వింటాది. ఇదిగో, ఈ అంచు మీద గోరు ఎట్టి సూడండి."

కడ్డీకి రెండు చివరలా పళ్ళేలు వేలాడేచోట ఉక్కు అంచులుంటాయి. కత్తి అంచులా సన్నగా ఉంటాయి. రోజూ బరువు మోసి మోసి అవి అరుగుతాయి. ఒక పక్క ఎక్కువ అరిగితే ఆ పక్క చేయి పొట్టిదైపోతుంది. నేను గోరు పెట్టి చూస్తే ఏమీ తెలియలేదు. ఆయన నా వేలు పట్టుకుని రెండో అంచు మీద పెట్టాడు. అప్పుడు తేడా తెలిసింది. అలాంటి త్రాసు వస్తే ఆయన అరిగిన అంచు ఊడగొట్టి, కొత్త ఉక్కు కొలిమిలో కాల్చి, సానబట్టి, రెండు చేతులూ సమానంగా వచ్చేదాకా కూర్చునేవాడు. రెండు రోజులు పట్టేది. వ్యాపారులు తొందరపెట్టేవారు. "ఇంకా అవ్వనేదండి" అనే మాట తప్ప ఆయన దగ్గర వాళ్ళకి వేరే జవాబు దొరికేది కాదు.

ఇంకో సంగతి నాకు సంతలో వాళ్ళూ వీళ్ళూ చెప్పారు. మాణాలూ శేర్లూ పోయి కిలోలు వచ్చిన కొత్తలో కొండవాళ్ళకి ఏమీ అర్థమయ్యేది కాదట. వ్యాపారులు అయిదు పాళ్ళు తీసుకుని నాలుగు చెప్పేవారట. అప్పుడు ఈయన ఇసుకని సరిగ్గా కిలో తూచి గుడ్డలో మూటకట్టి, సంత రోజున కొట్టు ముందు పెట్టుకుని కూర్చునేవాడట. వచ్చిపోయే ఆడవాళ్ళ చేత ఆ మూట ఎత్తించేవాడు. ఇది కిలో, ఇవి రెండు, ఇవి అయిదు అని కొండవాళ్ళకి తెలిసిన దేశియా భాషలో చెప్పి, కళ్ళు మూసుకుని ఎత్తమనేవాడు. ఎవరూ ఆయనకా పని చెప్పలేదు. మా శాఖ అదే పని కోసం గోడల మీద బొమ్మల కాగితాలు అంటించింది. వానకి అవి రాలిపోయాయి.

నేను అక్కడికి వచ్చిన మూడో ఏడాదో, నాలుగో ఏడాదో, ఆ ఊరి సంత కమిటీ ఒక తీర్మానం చేసింది. సంత ఆవరణలో త్రాసులు బాగుచేసే కొట్టు నడపాలంటే యజమాని కనీసం పదో తరగతి పాసై ఉండాలి. కాలం మారింది, సాంకేతికమైన పని చదువుకున్నవాళ్ళ చేతుల్లో ఉండాలి అని కారణం రాశారు. చదవడానికి ఎంత బాగుందో. ఆ కమిటీలో ముఖ్యుడు చింతపండు వ్యాపారి. ఆయన కొడుకు గుణుపురం కాలేజీలో బి.కాం. పాసై రెండేళ్ళుగా ఇంట్లో ఉన్నాడు. ఈ రెండు సంగతులూ తీర్మానంలో లేవు.

కమిటీ ఆ కాగితాన్ని నా అభిప్రాయం కోసం పంపింది. మా శాఖ ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది కాబట్టి నేను ఒక్క వాక్యం రాయాలి. అభ్యంతరం ఉందనో, లేదనో.

మీరు నన్ను అడగొచ్చు, వ్యాపారి నాకేమైనా ఇచ్చాడా అని. ఏమీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే లంచం తిన్నానని చెప్పుకుని ఈ పాటికి మరిచిపోయేవాణ్ణి. నేను ఉత్తినే రాశాను, "అభ్యంతరం లేదు" అని. ఎందుకంటే నాకు నిజంగానే అది మంచి తీర్మానంలా కనిపించింది. చదువు మంచిదే కదా. నేను చదువుకునే కదా ఈ కుర్చీలో కూర్చున్నాను. మేస్త్రి గుర్తుకు రాలేదా అంటే, వచ్చాడు. ఆయనకి ఇంకేదో దారి దొరక్కపోదు అనుకున్నాను. అలా అనుకోవడానికి అర నిమిషం పట్టింది.

లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి మేస్త్రి వెళ్ళినప్పుడు కమిటీ గుమాస్తా ఆయన్ని పదో తరగతి సర్టిఫికెట్ అడిగాడు. ఆయన రాయగడ దాకా నడిచొచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. భార్య కూడా వచ్చింది.

"ఆ కాయితం ఎక్కడ దొరుకుతాదండి బాబూ?" అని అడిగాడు.

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. అది ఏదో ఆఫీసులో ఇచ్చే రసీదు లాంటిది అనుకున్నాడు. పదేళ్ళు బడికెళితే వస్తుందని నేను చెప్పాను. చెబుతూ చిన్నగా నవ్వాను కూడా. ఆయన భార్య మాత్రం నవ్వు చూసింది.

"ముప్పై ఏళ్ళ నుంచి పని సేస్తన్న మనిసిని ఇప్పుడు బడికెళ్ళమంటారేటి? ఆయన సేసిన త్రాసు ఒక్కటైనా తప్పని సెప్పినారా మీరు? ఎప్పుడైనా సెప్పినారా?"

"అలా ఎవరన్నారమ్మా. రూలు వచ్చింది. నా చేతిలో లేదు."

"మీ సేతిలో నేకపోతే మరి కాయితం మీ కాడికెందుకొచ్చిందండి?"

మేస్త్రి ఆమెని ఆపాడు. "పదవే. బాబు ఏటి సేస్తారు" అన్నాడు. కాగితం నా దగ్గరకి వచ్చిందని ఆమెకి ఎలా తెలిసిందో నేను అడగలేదు. చిన్న ఊళ్ళో ఎవరి చేయి ఎక్కడ పడిందో అందరికీ తెలుస్తుంది.

కొట్టు వ్యాపారి కొడుక్కి వెళ్ళింది. తడికెలు తీసేసి రేకులు వేశారు. ఒడియాలో, తెలుగులో, ఇంగ్లీషులో బోర్డు రాయించారు. పేరు పక్కన బి.కాం. అని ఉంది. ఆ కుర్రాడు చెడ్డవాడని మీరు అనుకోవద్దు. మర్యాద ఉన్నవాడు. గుండ్రటి చేతిరాత. ప్రతి త్రాసుకీ అచ్చువేసిన సర్టిఫికెట్ ఇచ్చేవాడు: ఫలానా త్రాసు పరీక్షించితిని, సరిగా ఉన్నది, సంతకం. మేస్త్రికి రెండు రోజులు పట్టే పని ఈ కుర్రాడి దగ్గర పది నిమిషాల్లో అయిపోయేది. వ్యాపారులు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

మీకు పని తెలుసు కాబట్టి ఈపాటికి అనుమానం వచ్చి ఉండాలి. పది నిమిషాల్లో ఎలా అవుతుంది? నాకు మాత్రం రాలేదు.

ఆ ఏడాది ముద్రల సమయానికి నా కింద ఉండాల్సిన సహాయకుడి పోస్టు ఖాళీగా ఉంది. సంతలూ కొట్లూ అన్నీ నేనొక్కణ్ణే తిరగాలి. ప్రతి త్రాసునీ ఖాళీగా ఒకసారి, బరువు పెట్టి ఒకసారి, పళ్ళేలు మార్చి ఒకసారి చూడాలని మాకు నేర్పారు. నేను ఖాళీగా చూసేవాణ్ణి. ముల్లు నిటారుగా నిలిస్తే, పక్కన బి.కాం. సంతకంతో సర్టిఫికెట్ ఉంటే, సుత్తి ఎత్తేవాణ్ణి. అనుభవం ఉన్న మేస్త్రి బాగుచేసిన త్రాసునైతే మూడుసార్లు చూసేవాణ్ణి. చదువుకున్నవాడు సంతకం పెట్టిన త్రాసుని ఒక్కసారి చూస్తే చాలనుకున్నాను. నా బి.ఎస్సీ. ఆ బి.కాం.ని నమ్మింది. అంతకంటే నేను చెప్పుకోగల కారణం లేదు.

మేస్త్రి ఇంటి దగ్గర పారలూ కొడవళ్ళూ సాగదీసుకుంటూ బతికాడు. సంత రోజున మాత్రం వచ్చేవాడు. పాత కొట్టుకి ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు.

చింతపండు రోజులవి. సంతకి ఆ ఏడు చాలా సరుకు వచ్చింది. నేను వేరే పని మీద ఆ దారిన వెళుతూ, పొద్దున పదింటికి సంతలో దిగాను. కమిటీ ముఖ్యుడైన చింతపండు వ్యాపారి దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో ఒక కోంధు ఆడమనిషి. నడివయసు. ఆమె తెచ్చిన చింతపండు గంప త్రాసు పళ్ళెంలో ఉంది. ఆమె గంప అంచు పట్టుకుని వదలడం లేదు. వ్యాపారి ఇరవై కిలోలన్నాడు. ఆమె కాదంటోంది.

నన్ను చూడగానే వ్యాపారి మొహం విప్పారింది.

"ఇదిగో ఇన్‌స్పెక్టరుగారే వచ్చేరు. మీరే సెప్పండి సార్ ఈవిడకి. సర్కారు ముద్ర ఉందా నేదా?"

నేను వంగి కడ్డీ చూశాను. నా ముద్రే. ఆమెకి నాకొచ్చిన దేశియాలో చెప్పాను: త్రాసు మంచిదే, ప్రభుత్వం పరీక్షించింది, గొడవ చేయొద్దు. ఆమె నా మొహం చూడలేదు. గంపనే చూస్తూ ఒక్క మాట అంది. ఈ త్రాసు తింటోంది, అంది. తల మీద పెట్టుకుని కొండ దిగాను, ఎంత మోశానో నా మెడకి తెలుసు, అంది.

జనంలో కొందరు నవ్వారు. అప్పుడు అరుగు మీద నుంచి మేస్త్రి లేచి వచ్చాడు.

"బాబూ, ఒకపాలి సరుకు అటు, రాళ్ళు ఇటు ఎట్టి సూడండి."

ఇప్పుడు నేనేం చేశానో చెప్పాలి. "లైసెన్సు లేనివాడివి, నీకిక్కడ ఏం పని? త్రాసు మీద చెయ్యి వేస్తే కేసు రాస్తాను" అన్నాను. అందరూ వింటుండగా గట్టిగానే అన్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను ముట్టుకోనండి బాబూ. మీరే ముట్టుకోండి. అటుది ఇటు ఎట్టండి, అంతే."

అంతమంది ముందు ఆ మాటేదో అబద్ధమని తేల్చేద్దామనే ఉద్దేశంతోనే, నేను గంప దించి రాళ్ళున్న పళ్ళెంలో పెట్టించాను. రాళ్ళు గంప ఉన్న పళ్ళెంలోకి మార్చాను. అవే రాళ్ళు, అదే చింతపండు. త్రాసు ఎత్తాను.

గంప నేలకి కొట్టుకుంది.

మళ్ళీ దించి, మళ్ళీ ఎత్తాను. అదే. కిలో రాయి ఒకటి అదనంగా వేస్తే గానీ ముల్లు నడుముకి రాలేదు. జనం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. నా మొహం వేడెక్కిపోయింది. ఎవరి మీదో ఒకరి మీద అరవాలి కాబట్టి వ్యాపారి మీద అరిచాను.

"కిలో తింటున్నావు కదయ్యా దీని దగ్గర."

మేస్త్రి అడ్డొచ్చాడు. "కిలో కాదు బాబూ. అందులో సగం. అటు ఎట్టినప్పుడు అరకిలో తగ్గింది, ఇటు ఎట్టినప్పుడు అరకిలో పెరిగింది. తిన్నది అరకిలోయే. నేని తప్పు ఎందుకు మొయ్యమనాలండి ఆయన్ని?"

ఈ మాట దగ్గర ఆగుతాను, ఎందుకంటే నా ఉద్యోగంలో ఇంత గట్టి దెబ్బ నాకెవరూ కొట్టలేదు. చేతులు సమానంగా లేని త్రాసులో రెండు పక్కలా తూచి అసలు బరువు కట్టే లెక్క నేను కాలేజీలో చేశాను. పరీక్షలో వచ్చింది. మార్కులు కూడా పడ్డాయి. సంతలో అవసరమైనప్పుడు అది నా తలలో లేదు. అక్షరం రాని మనిషి తలలో ఉంది. అదీ, తన కొట్టు లాక్కున్న మనిషికి అన్యాయం జరగకూడదని దాన్ని వాడాడు.

వ్యాపారి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. త్రాసు తిప్పించి చూశాను. సరుకు వైపు అంచు అరిగిపోయి ఉంది. అటు చేయి పొట్టిదైంది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ వైపు తేలిపోకుండా పళ్ళెం అడుగున సీసం ముక్క అతికి ఉంది. ముల్లు నిటారుగా నిలబడటానికి అది చాలు. నన్ను మోసం చెయ్యడానికీ అది చాలింది.

"ముల్లు నడుమే నిలిచింది కదండీ సార్. తేలిపోతుంటే సీసం వేసేను. తప్పాండీ?" అన్నాడు ఆ కుర్రాడు. పాలిపోయాడు. దొంగతనం దొరికిపోయినవాడి మొహం కాదది. తనకి పని రాదని అప్పుడే తెలిసినవాడి మొహం. "నేనూ ముల్లే చూశాను" అన్నాను. ఇంకేమనగలను.

ఆ రోజు మధ్యాహ్నం దాకా సంతలో ఉన్న త్రాసులన్నీ తిరగేసి చూశాను. ఆ కొట్లో బాగుచేసినవాటిలో చాలావాటికి పళ్ళెం అడుగున సీసం ఉంది. అన్నిటి మీదా నా ముద్ర ఉంది. ఒక్కొక్కటీ సీజు చేసి కుప్ప పోశాను. మేస్త్రిని రమ్మని పిలిచి, అంచులు చూడమని అడిగాను. ఆయన గోరు పెట్టి, ఇది అవునండి, ఇది కాదండి అంటూ వచ్చాడు. ఒక్క తప్పు చెప్పలేదు. ఆ ఆడమనిషికి వ్యాపారి చేత అరకిలో చింతపండు వెనక్కి ఇప్పించాను. ఆమె తీసుకుని వెళ్ళిపోయింది. నాకు దండం పెట్టలేదు. మంచి పని చేసింది. అంతకు ముందు వారాల్లో ఆమె దగ్గర, ఆమె లాంటివాళ్ళ దగ్గర ఎంత పోయిందో ఎవరూ వెనక్కి ఇప్పించలేదు.

అంతా ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి కోరాపుట్ తీసుకెళ్ళాను. నా తప్పు రాశాను. మేస్త్రికి లైసెన్సు తిరిగి ఇవ్వాలని రాశాను. మా పై అధికారి ఎం.ఎస్సీ. మంచి చదువరి. రిపోర్టు రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు.

"నీ ముద్ర తప్పని నువ్వే రాస్తావా? రేపు ఈ జిల్లాలో ఏ ముద్రని ఎవరు నమ్ముతారు?"

"నమ్మకూడదు సార్. నేను చూడకుండా వేశాను."

"ముద్ర వేశాక వాడకం వల్ల అరిగిందని రాయి. అరగడం నిజమే కదా. నీ ఉద్యోగం నిలబడుతుంది, శాఖ పరువు నిలబడుతుంది."

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాదైంది. ఈ సాకు నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పి కూడా అది సాకేనంటున్నాను. ఆ వాక్యం మార్చి రాశాను. లైసెన్సు సంగతి మాత్రం కొట్టెయ్యనని భీష్మించుకున్నాను. ఆయన నవ్వి, ఉండనీ అన్నాడు. ఎందుకు నవ్వాడో మూడు నెలలకి జవాబు వచ్చాక తెలిసింది. విద్యార్హత నిబంధన సడలించడం కుదరదు. అయితే సదరు వ్యక్తికి అనుభవం ఉన్నట్టు తెలుస్తున్నది కనుక, లైసెన్సు గల యజమాని కింద అతన్ని పనివాడుగా నియమించుకోవచ్చు. ఇదీ జవాబు. తప్పు చేసినవాడు యజమానిగా ఉంటాడు. తప్పు పట్టుకున్నవాడు వాడి దగ్గర కూలికి వెళ్ళొచ్చు. మూడు నెలలు ఆలోచించి, నాలుగు సంతకాలు చేసి, మా పెద్దలు తేల్చిన న్యాయం ఇది.

ఆ కాగితం నేనే తీసుకెళ్ళి మేస్త్రి ఇంటి ముందు చదివాను. భార్య మొత్తం వింది.

"అంటే ఆయన సేస్తాడు, ఆ గుంటడు సంతకం ఎడతాడు. అంతేనాండి?"

"అంతే."

"సదువంటే సంతకమేనా బాబూ?"

నేను తల దించుకున్నాను. మేస్త్రి "నాలుగు రోజులు ఆలోసిస్తానండి" అన్నాడు.

ఆలోచించక్కర్లేకపోయింది. మర్నాడు ఆ కుర్రాడే మేస్త్రి ఇంటికెళ్ళాడట. తండ్రికి చెప్పకుండా వెళ్ళాడట. నేలమీద కూర్చుని, పని నేర్పమని అడిగాడట. మేస్త్రి వెళ్ళాడు. వ్యాపారి కొట్లో రేకుల కింద వెనకవైపు కూర్చుని రెండేళ్ళు పనిచేశాడు. త్రాసుకి మళ్ళీ రెండు రోజులు పట్టడం మొదలైంది. వ్యాపారులు గొణిగారు. సర్టిఫికెట్ల మీద గుండ్రటి సంతకం అలాగే ఉంది. కుర్రాడు నిజంగానే పని నేర్చుకున్నాడు, అది ఒప్పుకోవాలి. తర్వాత పెద్ద కాటాల వ్యాపారంలోకి వెళ్ళి బాగుపడ్డాడు. ఒకసారి రాయగడలో వర్తకులు సన్మానం చేస్తే, ఇంత పని ఎక్కడ నేర్చుకున్నారని ఎవరో అడిగారు. సొంత అనుభవం అన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. లేచి నిలబడలేదు. నిజం తెలిసీ నేను చెప్పని సందర్భాల్లో కోరాపుట్‌లో మార్చి రాసిన వాక్యం మొదటిది, ఇది రెండోది.

మూడోది చెప్పి ముగిస్తాను.

సన్మానానికి చాలా ముందే నాకు నందపూర్ వైపు బదిలీ అయింది. సామాను కట్టుకుని బస్టాండులో నిలబడ్డాను. మేస్త్రి వచ్చాడు. అప్పటికి కళ్ళు మసకబారి, అంచులు చూడలేక పని మానేశాడు. కొంచెంసేపు అవీ ఇవీ మాట్లాడాడు. తర్వాత అడిగాడు.

"బాబూ, ఒక కాయితం రాసిస్తారేటి? నాకు త్రాసుల పని వచ్చునని. మీ సంతకంతోటి."

"దేనికి మేస్త్రీ? ఇప్పుడు పని మానేశావు కదా."

"దేనికీ కాదండి. ఇంట్లో ఉంటాది. మా యావిడ అడగమంది."

నేను ఏం చెప్పానో వినండి. అలాంటి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం నాకు లేదన్నాను. ఆఫీసు కాగితం మీద వ్యక్తుల గురించి రాయకూడదు, రూలు ఒప్పుకోదు అన్నాను. అది నిజం కూడా. చూడకుండా వందల త్రాసులకి ముద్ర కొట్టే అధికారం నాకుంది. ఏళ్ళ తరబడి కళ్ళారా చూసిన మనిషి గురించి ఒక్క వాక్యం రాసే అధికారం లేదు. తెల్లకాగితం మీద రాసివ్వొచ్చని నాకు తోచలేదు. తోచనంతగా నేను ఆఫీసరునైపోయాను.

"అలగేనండి. అధికారం నేకపోతే ఎలాగిస్తారు" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు.

బస్సు వచ్చింది. నేను డబ్బులు తీసి కూలివాణ్ణి పిలిచేలోగా, ఆయన నా ట్రంకుపెట్టె ఎత్తి భుజాన పెట్టుకుని, నిచ్చెన ఎక్కి, బస్సు పైన కట్టి దిగాడు. తాడు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.